దర్జీ బొమ్మ: బర్మా రాజవేషములకు దాని యెంపిక, సంస్కరణము

మెడ మొదలు కటి పర్యంతము మానవ శరీరాకృతిని అనుకరించి, కంబముపై నిలుపబడినది దర్జీ బొమ్మ. వస్త్రమును దానికి తొడిగి, గుండుసూదులు గుచ్చి, కుట్టును సరిచూచుకొందురు. పంతొమ్మిదవ శతాబ్దిలో ఐరోపా, అమెరికాలలో విస్తారముగ వాడుకకు వచ్చిన యీ సాధనము తాను పుట్టిన దేశకాలముల అభిరుచిని తన యాకృతియందే నిలుపుకొనియుండును గావున, అన్యదేశపు ప్రాచీన వేషములకు దానిని యథాతథముగ వినియోగించుట యుక్తము గాదు. యాంగోన్ నగరమున కొన్‌బౌంగ్ వంశపు (1752–1885) అంతఃపుర వేషములను తిరిగి కుట్టబూనువారికి ఈ విషయము ప్రథమమున ఎదురగును.

1885లో ఆంగ్లేయులు మాండలే నగరమును పట్టుకొని, పిదప ఆ వంశపు రాజగు తీబాను రత్నగిరికి పంపివేసినను, ఆ కొలువు వేషము నశింపలేదు. 'జాట్' నాటక రంగమున రాకుమారి పాత్రలును, వివాహములందు వధువులును దానిని నేటికిని ధరించుచున్నారు. 1964లో లండను నుండి తిరిగివచ్చిన ఆ వంశపు రాజచిహ్నములు యాంగోన్ జాతీయ ప్రదర్శనశాలయందే కలవు.

ఈ వేషమున స్త్రీలు వక్షమునకు 'యిన్‌ఖాన్' అను వస్త్రమును బిగియ చుట్టి, దానిపై 'టైమతెయిన్' అను పొట్టి చొక్కాను తొడిగి, నడుమునకు వెనుక నేల నీడ్చుకొనిపోవు 'టమెయిన్' అను వస్త్రమును చుట్టుకొందురు. ఆ చొక్కా బిగుతై, తుంటియొద్ద అంచులు వెలుపలికి విచ్చుకొనియుండును. వక్షము సమతలమై, నడుమునకును తుంటికిని భేదము స్వల్పమైయుండవలసిన ఈ రూపమునకు, ఉన్నతవక్షమును సన్నని నడుమును గల పాశ్చాత్య బొమ్మ బొత్తిగ విరుద్ధము. చీరకట్టు నెఱిగిన మన స్త్రీలకు వేరుగ చెప్పనక్కరలేదు: చుట్టుకొను వస్త్రమునకు నడుమే ఆధారము, అచ్చట ఆకృతి తప్పినచో కుచ్చెళ్లు నిలువవు.

కావున బొమ్మను ఎన్నుకొనునపుడు మొదట చూడవలసినవి భుజముల వెడల్పును, మెడ నుండి నడుము వఱకు గల నిడివియును. తక్కిన కొలతలను దూదితో పెంచవచ్చును గాని, ఈ రెంటిని సవరించుట దుష్కరము. ఆ తక్కిన కొలతలందు ధరించువారికంటె ఒకింత చిన్నదగు బొమ్మయే మేలు, ఏలయన పెంచుట సులభము, తగ్గించుట అసాధ్యము. వక్షము క్రిందను నడుము చుట్టును గల పల్లమును పలుచని దూది పొరలతో, అంచులు సన్నగిల్లునట్లు పూరించి, పైన నూలు జెర్సీ తొడుగు బిగించి, ఆపై యిన్‌ఖాను వలెనే ఒక నూలుపట్టీని చుట్టవలెను. లోపలి కట్టు లేక పైచొక్కా కొలతలు తీయుట, నా యభిప్రాయమున, ఈ పనిలో మిక్కిలి హాని కలిగించు తొందరపాటు. కంబపు ఎత్తు ధరించువారి నిలువుతో సరిపడనిచో టమెయిన్ వెనుక భాగము నేలపై పరచుకొను తీరు తెలియరాదు.

బంగారు జరీయు తళుకులును గల వస్త్రము బరువైనది. భుజములయొద్ద ఆధారము చాలనిచో పట్టు కుట్టువెంబడి చినుగును. ప్రాచీన వస్త్రములను కొలతలు సరిచూచుటకు ఎన్నడును వాడరాదు. మేమాసము మొదలు అక్టోబరు వఱకు వర్షించు యాంగోనున కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మలు చెమ్మగిల్లి బూజుపట్టును. అందుచేత ఉతుకుటకు వీలగు తొడుగులు ఉత్తమములు. ఇనుప సూదులను రాత్రి బట్టలో విడువరాదు, తుప్పు మరక పట్టునుండి పోదు.