అల్ట్రావైడ్ మానిటర్‌కి ఏ గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది? డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

బోగోలు, బిట్రగుంట, కావలి వైపు ఇళ్లలో ఇప్పుడు కంప్యూటర్ అంటే పిల్లల ఆటలకే కాదు. ఇంటి నుంచే ఆఫీసు పని చేసేవాళ్లున్నారు, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లున్నారు, ఉర్దూ, తెలుగు శుభలేఖలు డిజైన్ చేసి నాలుగు రాళ్లు సంపాదించేవాళ్లున్నారు. గల్ఫ్ నుంచి సెలవుకొచ్చే అన్న తమ్ముడి కోసం వెడల్పాటి అల్ట్రావైడ్ మానిటర్ తెస్తాడు. తీరా పాత కంప్యూటర్‌కి తగిలిస్తే అక్షరాలు మసకగా కనిపిస్తాయి, మౌస్ ఆగి ఆగి కదులుతుంది. షాపులో అడిగితే చాలాసార్లు ఒకటే జవాబు: "కార్డు మార్చాలి."

కొన్నిసార్లు ఆ మాట నిజమే. కానీ చాలా ఇళ్లలో సమస్య కార్డుది కాదు, కేబుల్‌ది. ఇంకొన్ని ఇళ్లలో సెట్టింగ్‌ది. మానిటర్ కంటే ఎక్కువ ధర పెట్టి కార్డు కొన్నాక ఈ సంగతి తెలిస్తే అది ఫుజూల్ ఖర్చే. అందుకే కొనేముందు తెలుసుకోవాల్సినవి వరుసగా ఇక్కడ ఇస్తున్నాం.

ముందు పిక్సెళ్ల లెక్క

మానిటర్ ఎన్ని అంగుళాలన్నది గ్రాఫిక్స్ కార్డుకి అనవసరం. దానికి పట్టేది ఎన్ని పిక్సెళ్లు నింపాలి, సెకనుకి ఎన్నిసార్లు నింపాలి అన్న రెండే. పిక్సెళ్ల లెక్క ఇలా ఉంటుంది:

• మామూలు ఫుల్ హెచ్‌డీ, 1920×1080: సుమారు 20.7 లక్షలు
• చిన్న అల్ట్రావైడ్, 2560×1080: 27.6 లక్షలు
• క్యూహెచ్‌డీ, 2560×1440: 36.9 లక్షలు
• ఎక్కువగా దొరికే 34 అంగుళాల అల్ట్రావైడ్, 3440×1440: 49.5 లక్షలు
• 3840×1600 అల్ట్రావైడ్: 61.4 లక్షలు
• 49 అంగుళాల సూపర్ అల్ట్రావైడ్, 5120×1440: 73.7 లక్షలు
• 4కే, 3840×2160: 82.9 లక్షలు

అంటే 3440×1440 మానిటర్‌కి పని ఫుల్ హెచ్‌డీ కంటే దాదాపు 2.4 రెట్లు ఎక్కువ, 4కేలో 60 శాతం. ఫుల్ హెచ్‌డీలో ఒక గేమ్‌కి సెకనుకి 60 ఫ్రేములు ఇచ్చే కార్డు ఇక్కడ సగానికి అటూ ఇటూగా పడిపోతుంది. 5120×1440 అయితే 4కే పనిలో దాదాపు 90 శాతం ఉన్నట్టే.

ఒక జాగ్రత్త. 34 అంగుళాల మానిటర్లు రెండు రకాలు దొరుకుతాయి. 2560×1080 రకంలో అంగుళానికి సుమారు 82 పిక్సెళ్లే ఉంటాయి, దగ్గర కూర్చుంటే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. 3440×1440లో అంగుళానికి సుమారు 110 ఉంటాయి. ఉర్దూ నస్తాలీఖ్‌లో నుక్తాలు, తెలుగులో ఒత్తులు చూస్తూ పనిచేసేవాళ్లకి ఈ తేడా కళ్లకే తెలుస్తుంది. ధర తక్కువని మొదటిది తెచ్చేముందు ఆలోచించుకోండి.

రెండో ప్రశ్న: ఏం పని చేస్తారు?

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు పడతారు. 3440×1440 తెరని ఒకసారి నింపడానికి కావాల్సిన మెమరీ సుమారు 20 ఎంబీ మాత్రమే. 8 జీబీ, 12 జీబీ కావాల్సింది గేములకి, వీడియో ఎఫెక్టులకి, త్రీడీ పనికి. ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్, ఇన్‌పేజ్, పేజ్‌మేకర్, ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్, ఇవన్నీ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌తో నడుస్తాయి. విడిగా కార్డే అక్కర్లేదు.

ముందు మీ ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్‌లో నంబర్ చివర 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు తప్పనిసరి. ఏఎండీలో రైజెన్ 5 5600జీకి లోపల గ్రాఫిక్స్ ఉంది, 5600ఎక్స్‌కి లేదు.

కేబుల్, పోర్టు: అసలు చిక్కు ఇక్కడే

పాత బోర్డుల మీద ఉండే హెచ్‌డీఎంఐ చాలావరకు 1.4 రకం. దాంట్లో 3440×1440 పెడితే 50 హెర్ట్జ్ దగ్గర, కొన్నిసార్లు 30 దగ్గర ఆగిపోవడం మామూలే. మౌస్ ఆగి ఆగి కదలడానికి కారణం చాలాసార్లు అదే. హెచ్‌డీఎంఐ 2.0, డిస్‌ప్లేపోర్ట్ 1.2 సాధారణంగా 100 హెర్ట్జ్ దాకా ఇస్తాయి. 144 హెర్ట్జ్ కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ హెచ్‌డీఎంఐ 2.1 గానీ ఉండాలి. వీజీఏ కేబుల్ సంగతి మర్చిపోండి.

అదే పాత బోర్డు మీద డిస్‌ప్లేపోర్ట్ కూడా ఉంటే, ఒక్క కేబుల్ కొనుక్కుంటే పని అయిపోవచ్చు. ఇంట్లో పాత జీటీఎక్స్ 1050 టీఐ కార్డు ఉన్నా బాధ లేదు. దాని చిప్‌కి డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉంది. కొత్త గేములు ఆడలేదు గానీ ఆఫీసు పనికి ఈ మానిటర్‌ని హాయిగా నడుపుతుంది. జీటీ 710 లాంటివి మాత్రం వద్దు. "2 జీబీ కార్డు" అని చౌకగా అంటగడతారు, హెచ్‌డీఎంఐ మాత్రం 1.4 రకమే.

ఇంకో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. కార్డు పెట్టాక కేబుల్‌ని పాత అలవాటుగా బోర్డు పోర్టుకే తగిలిస్తారు. దాంతో కొత్త కార్డు ఖాళీగా కూర్చుంటుంది. రెండోది, ఒకవైపు హెచ్‌డీఎంఐ, ఇంకోవైపు డిస్‌ప్లేపోర్ట్ ఉన్న మామూలు కేబుల్ ఒకే దిక్కున పనిచేస్తుంది: కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. తిప్పి పెడితే బొమ్మ రాదు. అలా కావాలంటే విడిగా కరెంటు తీసుకునే కన్వర్టర్ కొనాలి.

అన్నీ సరిగ్గా తగిలించాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోకెళ్లి రిజల్యూషన్ 3440×1440 ఉందా, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటు సరైనదే ఎంచుకుందా చూడాలి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని నెలల తరబడి 60 మీదే వాడేవాళ్లు తక్కువేం కాదు.

3440×1440కి ఏ పనికి ఏ స్థాయి కార్డు

• ఆఫీసు పని, డీటీపీ, చదువు: లోపలి గ్రాఫిక్స్ చాలు, సరైన పోర్టు ఉంటే. లేకపోతే డిస్‌ప్లేపోర్ట్ ఉన్న ఏ చిన్న కార్డయినా సరే.
• పెళ్లి వీడియోల ఎడిటింగ్: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ లాంటివి. 40 సిరీస్ నుంచి ఏవీ1 పద్ధతిలో వీడియో తయారుచేసే సౌకర్యం ఉంది.
• తేలికపాటి ఆన్‌లైన్ గేములు: ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి. వ్యాలొరెంట్ లాంటివి ఆట సమయంలో వెడల్పు తెరని పూర్తిగా వాడవు, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. పిల్లోడు అదొక్కటే ఆడతానంటే అల్ట్రావైడ్ అవసరమే లేదు.
• కొత్త భారీ గేములు: ఆర్‌టీఎక్స్ 4070, ఆర్‌టీఎక్స్ 5070, ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ స్థాయి, మెమరీ 12 జీబీ నుంచి పైకి.

మధ్యస్థమైన కార్డుతో భారీ గేమ్ ఆడాల్సి వస్తే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ అనే సౌకర్యాలు ఉన్నాయి. బొమ్మని తక్కువ పిక్సెళ్లలో గీసి తర్వాత పెద్దది చేస్తాయి. డీఎల్ఎస్ఎస్‌కి ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి, ఎఫ్ఎస్ఆర్ పాత కార్డుల మీద కూడా చాలావరకు నడుస్తుంది. ఇంకో ఊరట ఏమిటంటే, పిక్సెళ్లు పెరిగే కొద్దీ భారం ప్రాసెసర్ మీద కన్నా కార్డు మీదే పడుతుంది. కాబట్టి కార్డుతోపాటు ప్రాసెసర్ కూడా మార్చాల్సిందే అంటే వెంటనే ఒప్పుకోకండి.

కరెంటు, ఉప్పుగాలి

కార్డు ధరతో ఖర్చు ఆగదు. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లే, దానికి 550 వాట్ల సప్లై చాలని కంపెనీ చెబుతుంది. 4070 200 వాట్లు లాగుతుంది, 650 వాట్ల సప్లై కావాలి. ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ 263 వాట్లు. అసెంబుల్డ్ క్యాబినెట్‌తో వచ్చే పేరులేని సప్లై మీద ఇలాంటి కార్డు పెట్టడం ప్రమాదం. ఇంట్లో ఉండే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్ల దాకే మోస్తుంది. గేమ్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది.

జువ్వలదిన్నె వైపు సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. సెకండ్‌హ్యాండ్ కార్డు కొంటే వెనకాల రేకు, స్క్రూలు, పోర్టుల లోపల తుప్పు ఉందేమో చూడండి. మీ కళ్ల ముందే అరగంట గేమ్ గానీ పరీక్ష సాఫ్ట్‌వేర్ గానీ నడిపించమనండి. క్యాబినెట్‌ని కిటికీ పక్కన పెట్టకండి.

బిల్లు, ఈఎంఐ

కావలి, నెల్లూరు షాపుల్లో ధర అడిగాక చెన్నై రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్ సీటీసీ ధరలు కూడా కనుక్కోండి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోండి. 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత రేటుతో బిల్లేస్తే అడగండి. స్టూడియో, డీటీపీ సెంటర్ నడిపేవాళ్లు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ పన్నుని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు, కంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే కుదరదు. గల్ఫ్ నుంచి తెచ్చే సామాన్లకి వారంటీ ఇక్కడ చెల్లుతుందా అన్నది కొనేముందే అక్కడి షాపులో అడగమనండి.

"నో కాస్ట్ ఈఎంఐ" విషయంలో మన ఇళ్లలో చాలామందికి అనుమానం ఉంటుంది. దాని లెక్క ఇది: బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో ముందే తగ్గిస్తారు. స్టేట్‌మెంట్‌లో వడ్డీ అని విడిగా కనిపిస్తుంది, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు కూడా ఉండొచ్చు. సున్నా వడ్డీ పేరుతో ఇచ్చే పథకాలు సరికాదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీకి దూరంగా ఉండాలనుకునేవాళ్లు ఈ లెక్క చూపించి ఉలమాని అడిగి నిర్ణయించుకోవడం మంచిది.

షాపుకి వెళ్లేముందు

1. మానిటర్ రిజల్యూషన్, హెర్ట్జ్ కాగితం మీద రాసుకోండి.
2. మానిటర్‌కి, కంప్యూటర్‌కి ఏ పోర్టులున్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.
3. ముందు సరైన కేబుల్ పెట్టి, సెట్టింగులు మార్చి చూడండి.
4. అప్పటికీ చాలకపోతే ఏ పనికి చాలడం లేదో తేల్చుకోండి.
5. కార్డు, పవర్ సప్లై, యూపీఎస్ మూడూ కలిపి బడ్జెట్ వేసుకోండి.
6. కార్డు పొడవు కొలిచి, క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకోండి.

మూడో అంశం దగ్గరే సమస్య తీరిపోతే ఖర్చు ఒక్క కేబుల్‌తో ఆగిపోతుంది. మిగిలిన డబ్బు చెల్లెలి ఫీజుకో, ఇంటి అవసరానికో పనికొస్తుంది.