నో మ్యాన్స్ స్కై (వీడియో గేమ్)

నో మ్యాన్స్ స్కై ఒక అంతరిక్ష అన్వేషణ వీడియో గేమ్. దీనిని ఇంగ్లాండులోని గిల్‌ఫర్డ్ పట్టణానికి చెందిన హలో గేమ్స్ అనే చిన్న సంస్థ రూపొందించినది. 2016 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 మరియు విండోస్ కంప్యూటర్ల కొరకు విడుదలైనది. విడుదలకు ముందు రెండున్నర సంవత్సరాలకు పైగా సాగిన ప్రచారం ఈ ఆటపై అసాధారణమైన అంచనాలను కలిగించింది. విడుదలైన కొద్ది రోజులకే ఆ అంచనాలు తీవ్ర అసంతృప్తిగా మారాయి. తరువాతి సంవత్సరాలలో ఉచిత అప్‌డేట్ల ద్వారా ఈ ఆట తిరిగి ఆదరణ పొందినది. ఒక వీడియో గేమ్‌కు లభించే ఆదరణ ఆటలో ఉన్న అంశాలపైనే గాక, ఆడబోయేవారు ముందుగా ఊహించుకున్న ఆటపై కూడా ఆధారపడి ఉంటుందని చెప్పటానికి దీనిని తరచుగా ఉదాహరిస్తారు.

ఆట స్వరూపం

ఆటగాడు ఒక అపరిచిత గ్రహంపై, పాడైపోయిన అంతరిక్ష నౌకతో ఆట మొదలుపెడతాడు. ఖనిజాలు సేకరించి నౌకను బాగుచేసుకొని, గ్రహం నుండి గ్రహానికి, నక్షత్రం నుండి నక్షత్రానికి ప్రయాణిస్తాడు. కొత్తగా కనుగొన్న గ్రహాలకు, జంతువులకు పేర్లు పెట్టవచ్చును. పాలపుంత వంటి ఒక నక్షత్ర మండలం కేంద్రాన్ని చేరుకోవటం ఆటలోని లక్ష్యాలలో ఒకటి.

ఇందులోని గ్రహాలను చిత్రకారులు ఒక్కొక్కటిగా గీయలేదు. గణిత సూత్రాల ఆధారంగా కంప్యూటర్ అప్పటికప్పుడు వాటిని సృష్టిస్తుంది. ప్రతి గ్రహానికి ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను సూత్రాలకు అందిస్తే గ్రహం యొక్క కొండలు, వాతావరణం, జీవజాలం ఏర్పడతాయి. అదే సంఖ్యకు ఎప్పుడైనా అదే గ్రహం వస్తుంది కనుక వీటన్నిటినీ ముందుగా నిర్మించి భద్రపరచవలసిన అవసరం లేదు. ఈ సంఖ్య 64 బిట్లు గలది కావటం వలన మొత్తం 18,446,744,073,709,551,616 గ్రహాలకు అవకాశమున్నది. అనగా దాదాపు 1 లక్షా 84 వేల కోట్ల కోట్లు. ఒక్కొక్క గ్రహాన్ని ఒక్క సెకను చొప్పున చూసినా అన్నిటినీ చూడటానికి 58 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది.

విడుదలకు ముందు ప్రచారం

హలో గేమ్స్ అంతకు ముందు 2010లో విడుదలైన జో డేంజర్ అనే మోటారు సైకిల్ విన్యాసాల ఆటతో గుర్తింపు పొందినది. నో మ్యాన్స్ స్కైను 2013 డిసెంబరులో వీజీఎక్స్ పురస్కారాల కార్యక్రమంలో ఒక ట్రైలర్ ద్వారా ప్రకటించారు. అప్పటికి దీనిపై పనిచేస్తున్నది నలుగురు మాత్రమే. అదే నెల 24న వరద వలన సంస్థ కార్యాలయం నీట మునిగి పరికరాలు పాడయ్యాయి.

2014లో లాస్ ఏంజెలెస్ నగరంలో జరిగిన ఈ3 ప్రదర్శనలో సోనీ సంస్థ ఈ ఆటను తన ప్రధాన వేదికపై చూపించింది. దీనితో చిన్న బృందం రూపొందిస్తున్న ఆటకు పెద్ద సంస్థల ఆటలతో సమానమైన ప్రచారం లభించింది. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన షాన్ ముర్రే అనేక ఇంటర్వ్యూలు ఇచ్చారు. 2015లో అమెరికాలో స్టీఫెన్ కోల్బర్ట్ నిర్వహించిన టెలివిజన్ కార్యక్రమంలో కూడా ఆటను ప్రదర్శించారు.

ప్రచారంలో ఎక్కువగా వినిపించినది గ్రహాల సంఖ్య. అయితే ఆ సంఖ్య గ్రహాల లెక్కను తెలిపిందే గాని, వాటిపై ఆటగాడు చేయగల పనుల లెక్కను తెలుపలేదు. దాదాపు అంతులేని విశ్వంలో దాదాపు అన్నీ ఉంటాయని పలువురు భావించారు. యుద్ధాలు ఇష్టపడేవారు యుద్ధాల ఆటను, వ్యాపారం ఇష్టపడేవారు వ్యాపారపు ఆటను, స్నేహితులతో ఆడదలచినవారు సామూహిక ఆటను ఇందులో ఊహించుకున్నారు. ఆటగాళ్ళు ఒకరినొకరు చూడగలరా అన్న ప్రశ్నకు ముర్రే, అటువంటి కలయిక చాలా అరుదైనా సాధ్యమేనని ఇంటర్వ్యూలలో సమాధానమిచ్చారు. విడుదల దగ్గర పడినపుడు మాత్రం ఇది బహుళ ఆటగాళ్ళ గేమ్ కాదని స్పష్టం చేశారు. అప్పటికే పాత మాట విస్తృతంగా ప్రచారమై ఉన్నది.

2016 జూన్‌లో రావలసిన ఆట ఆగస్టుకు వాయిదా పడినది. ఈ వార్తకు ప్రతిస్పందనగా ముర్రేకు, వాయిదా వార్తను ముందుగా ప్రచురించిన పాత్రికేయునికి హత్యా బెదిరింపులు వచ్చాయి. ఎవరూ ఇంకా ఆడని ఆట పట్ల జనంలో పెరిగిన ఉద్వేగానికి ఇది సూచన.

విడుదల, ప్రతిస్పందన

ఆట ఉత్తర అమెరికాలో 2016 ఆగస్టు 9న ప్లేస్టేషన్ 4పై, ఆగస్టు 12న విండోస్‌పై విడుదలైనది. ధర సుమారు 60 డాలర్లు. ఇది పెద్ద సంస్థల ఆటలకు ఉండే ధర. స్టీమ్ ద్వారా ఒకే సమయంలో ఆడినవారి సంఖ్య మొదటి రోజులలో 2 లక్షలు దాటింది.

విడుదలైన వెంటనే ఇద్దరు ఆటగాళ్ళు ఒకే గ్రహంపై ఒకే చోటికి చేరుకున్నారు. అయినా ఒకరికి ఒకరు కనిపించలేదు. ట్రైలర్లలో చూపిన పెద్ద జంతువుల మందలు, భారీ నౌకాయుద్ధాలు ఆటలో ఆ స్థాయిలో లేవని ఆటగాళ్ళు జాబితాలు తయారుచేశారు. కొన్ని గంటల తరువాత గ్రహాలు ఒకే విధంగా అనిపించటం మరొక ఫిర్యాదు. కంప్యూటర్లపై ఆట సరిగా నడవకపోవటం అసంతృప్తిని పెంచింది.

విమర్శకుల అభిప్రాయం ఇంత తీవ్రంగా లేదు. సమీక్షలను క్రోడీకరించే మెటాక్రిటిక్‌లో ప్లేస్టేషన్ 4 రూపానికి నూటికి 71, విండోస్ రూపానికి 61 మార్కులు లభించాయి. అనగా విమర్శకుల దృష్టిలో ఇది లోపాలున్న మధ్యరకం ఆట మాత్రమే. కొనుగోలుదారులలో అనేకులు మాత్రం తాము మోసపోయామని భావించారు. స్టీమ్‌లో వారి అభిప్రాయాలు ప్రతికూల శ్రేణికి పడిపోయాయి. ఈ కాలంలో హలో గేమ్స్ విమర్శలకు బదులివ్వక నెలల తరబడి మౌనం వహించింది. ఈ మౌనాన్ని పలువురు నేరాంగీకారంగా భావించారు.

ప్రకటనలపై విచారణ

బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఈ ఆట ప్రకటనలపై 23 ఫిర్యాదులు అందాయి. స్టీమ్ పుటలోని చిత్రాలు, వీడియోలు అసలు ఆటను ప్రతిబింబించటం లేదన్నది ఆరోపణ. ప్రతి ఆటగాడికి వేర్వేరు దృశ్యాలు ఎదురయ్యే ఆట కనుక ప్రకటనలో చూపిన దృశ్యమే అందరికీ కనిపించాలని లేదని, అటువంటి అంశాలు ఆటలో ఉంటే చాలునని సంస్థ భావించింది. ప్రకటనలు తప్పుదోవ పట్టించలేదని 2016 నవంబరులో తీర్పు చెప్పింది. అయితే ఈ విచారణ ఆ ప్రకటనలకే పరిమితమైనది. ఇంటర్వ్యూలలో చెప్పిన మాటలు, వాటి నుండి జనం అల్లుకున్న ఊహలు దాని పరిధిలోకి రాలేదు.

ఆదరణ తిరిగి పొందటం

2016 నవంబరులో ఫౌండేషన్ అనే మొదటి పెద్ద అప్‌డేట్ విడుదలైనది. ఇందులో స్థావరాలు నిర్మించుకొనే వీలు కల్పించారు. 2017లో పాత్‌ఫైండర్ నేలపై నడిచే వాహనాలను, అట్లాస్ రైజెస్ విస్తృతమైన కథను చేర్చాయి. ఆటగాళ్ళు ఒకరినొకరు చూస్తూ కలిసి ఆడటం 2018 జూలైలో వచ్చిన నెక్స్ట్‌తో పూర్తిగా సాధ్యమైనది. 2019లో బియాండ్ ద్వారా వర్చువల్ రియాలిటీ సౌకర్యం వచ్చింది. వీటికి అదనపు రుసుము వసూలు చేయలేదు.

ప్రచార పద్ధతిలో కూడా మార్పు వచ్చింది. నెలల ముందు నుండి వాగ్దానాలు చేయటం మాని, అప్‌డేట్ సిద్ధమయ్యాక విడుదలకు కొద్ది ముందుగానే ప్రకటించటం సంస్థకు అలవాటైనది. ఈ ఆటకు 2020లో ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ కొనసాగుతున్న ఆట పురస్కారం, 2022లో బాఫ్టా వారి పరిణామశీల ఆట పురస్కారం లభించాయి. స్టీమ్‌లో మొత్తం అభిప్రాయాల శ్రేణి 2024 నవంబరులో "చాలా అనుకూలం" స్థాయికి చేరింది.

అంచనాల ప్రభావం

వినియోగదారుల సంతృప్తి వస్తువు నాణ్యతపై మాత్రమే గాక, ముందున్న అంచనాకు, తరువాతి అనుభవానికి మధ్య గల తేడాపై ఆధారపడుతుందని రిచర్డ్ ఆలివర్ 1980లో ప్రతిపాదించారు. ఈ దృష్టితో చూస్తే విమర్శకులు 70 మార్కుల పరిసరాలలో నిలిపిన ఆటను కొనుగోలుదారులు ఎందుకంత తీవ్రంగా తిరస్కరించారో అర్థమవుతుంది. వీడియో గేమ్‌లను ముందుగానే డబ్బు చెల్లించి కొనే అలవాటు ఈ తేడాను మరింత బాధాకరం చేస్తుంది.

ప్రచారం ఈ ఆటకు కీడు మాత్రమే చేయలేదు. ఆ ప్రచారమే లేకపోతే చిన్న సంస్థ ఆటకు ఇన్ని అమ్మకాలు ఉండేవి కావు. తరువాతి సంవత్సరాల ఉచిత అప్‌డేట్లకు ఆధారం తొలినాటి ఆదాయమే.

ఇతర ఆటలతో పోలిక

డ్యూక్ న్యూకమ్ ఫరెవర్ 1997లో ప్రకటించబడి 2011లో విడుదలైనది. పద్నాలుగేళ్ళ నిరీక్షణలో ఆటల తీరు మారిపోయి, విడుదల నాటికే అది పాతబడినట్లు కనిపించింది.

సైబర్‌పంక్ 2077ను పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2012లో ప్రకటించి, పలు వాయిదాల తరువాత 2020 డిసెంబరు 10న విడుదల చేసింది. ముందస్తుగానే 80 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. పాత తరం కన్సోళ్ళపై ఆట సరిగా నడవకపోవటంతో సోనీ సంస్థ దానిని సుమారు వారం రోజులకే తన దుకాణం నుండి తొలగించి, 2021 జూన్‌లో తిరిగి అనుమతించింది. ఇది కూడా అప్‌డేట్ల ద్వారా 2023 నాటికి మంచి పేరు తెచ్చుకున్నది.

మైన్‌క్రాఫ్ట్ పరిస్థితి వీటికి భిన్నమైనది. 2009 నుండి అసంపూర్ణ దశలోనే అమ్ముతూ 2011లో దానిని పూర్తి చేశారు. ఆడుతున్నవారికి ఆటలో ఉన్నదేమిటో, లేనిదేమిటో ఎప్పటికప్పుడు తెలిసేది. అందువలన ఊహించిన ఆటకు, చేతికందిన ఆటకు మధ్య అంతటి దూరం ఏర్పడలేదు.

ఇవి కూడా చూడండి

వీడియో గేమ్
సైబర్‌పంక్ 2077
మైన్‌క్రాఫ్ట్