పొగమంచు ఢిల్లీది, వ్యాజ్యం హైదరాబాదుది

విమానం ఆలస్యమైతే నష్టపరిహారం అడగవచ్చుననే మాట కొత్తది కాదు. 1929 అక్టోబరు 12న వార్సాలో కుదిరిన ఒడంబడికలోని 19వ అధికరణం, ఆలస్యం వల్ల ప్రయాణికునికి కలిగిన నష్టానికి విమానసంస్థే బాధ్యత వహించాలని ఒక్క వాక్యంలో తేల్చింది. ఆ వెంటనే 20వ అధికరణం సంస్థకొక దారి చూపింది: నష్టాన్ని నివారించడానికి అవసరమైనవన్నీ చేశామని, లేదా అలా చేయడం అసాధ్యమైందని రుజువు చేసుకుంటే బాధ్యత ఉండదు. ఈ ఒడంబడికను అమలు చేయడానికి మన దేశంలో 1934లో ఒక చట్టం, దాని స్థానంలో 1972లో మరొక చట్టం వచ్చాయి. ప్రయాణికుని హక్కుకూ, సంస్థ సాకుకూ మధ్య వాదులాట నాటినుంచి నేటివరకు సాగుతూనే ఉంది.

అయితే సామాన్యునికి హక్కు ఉన్నదా లేదా అన్నదానికన్న, దానిని ఎక్కడికి వెళ్ళి అడగాలి అన్నదే పెద్ద చిక్కు. పదివేల రూపాయల కోసం పరాయి ఊరిలో వకీలును పెట్టుకొని వాయిదాలకు తిరిగేవారెవరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన వ్యాజ్యం మన హైదరాబాదులోనే పుట్టింది.

2007 డిసెంబరు 14. అప్పటికింకా శంషాబాదు విమానాశ్రయం మొదలు కాలేదు. మా బాగ్ లింగంపల్లి, చిక్కడపల్లి వారికి విమానమంటే బేగంపేటే. ఆటోలో పోయి ఎక్కి రాగలిగినంత దగ్గర. ఆ ఉదయం ఢిల్లీలో హైదరాబాదుకు రావలసిన ఇండిగో విమానం ఎక్కిన ఒక ప్రయాణికుడు, దట్టమైన పొగమంచు కారణంగా దాదాపు పదకొండు గంటలు విమానంలోనే కూర్చోవలసి వచ్చింది. ఊరు చేరిన తరువాత ఆయన హైదరాబాదులోని శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించాడు. 1987 నాటి న్యాయసేవల చట్టానికి 2002లో చేసిన సవరణతో ఏర్పడిన వేదిక ఇది. విమానయానంతో సహా ప్రజోపయోగ సేవల తగాదాలను వింటుంది. రాజీ కుదిర్చే ప్రయత్నం చేస్తుంది, కుదరకపోతే తీర్పు చెబుతుంది. ఆయన అడిగినది అయిదు లక్షలు. అదాలత్ ఇప్పించినది పదివేలు, ఖర్చుల కింద మరో రెండువేలు.

సంస్థ ఆ పన్నెండు వేలు కట్టి ఊరుకోలేదు. సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. దాని వాదనల్లో ఒకటి, వివాదాలన్నీ ఢిల్లీ కోర్టులలోనే తేల్చుకోవాలని ప్రయాణ షరతులలో రాసి ఉన్నది కాబట్టి హైదరాబాదుకు అధికారం లేదని. టిక్కెట్టు కొనేటప్పుడు ఆ షరతులు చదివినవారు మనలో ఎందరు?

2011 జులై 4న తీర్పు వెలువడింది. న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ రాసిన ఆ తీర్పు నేను చదివాను. పొగమంచు సంస్థ చేతిలోని పని కాదని, చేయవలసిన ఉపచారాలు చేసిందని భావించి కోర్టు పరిహారాన్ని రద్దు చేసింది. ఆ విధంగా ప్రయాణికుడు ఓడిపోయాడు. కాని అదే తీర్పులో రెండు మాటలున్నాయి. ఆ షరతు కోర్టులకు సంబంధించినది, లోక్ అదాలత్‌కు అది అడ్డు కాదు. కనుక హైదరాబాదులో అడగడం సబబే. రెండవది, చౌక విమానసంస్థనని చెప్పుకున్నంత మాత్రాన, ఎక్కించుకున్నవారికి తిండి, నీరు, మరుగుదొడ్డి వంటి కనీస సౌకర్యాలు చూడవలసిన బాధ్యత తప్పదు.

మంచుకు ఎవరినీ శిక్షించలేమన్నది నేనూ ఒప్పుకుంటాను. అయినా నా లెక్కలో ఆయన ఓడినది పన్నెండు వేలు, మనందరికీ గెలిచి పెట్టినది సొంత ఊరి గడప. వార్సా ఒడంబడిక 28వ అధికరణం అంతర్జాతీయ ప్రయాణికునికి గమ్యస్థానంలోనూ దావా వేసే వీలు 1929లోనే ఇచ్చింది. దేశంలో తిరిగేవారికి ఆ పాటి సౌలభ్యం కోసం ఇంత పోరాటం కావలసి వచ్చింది. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల చట్టం, ఫిర్యాదిదారు నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చునని స్పష్టంగా రాసింది. గడువు రెండేళ్ళు.

పరిహారపు మొత్తాల విషయంలో మాత్రం మనం వెనుకబడే ఉన్నాం. 2010 ఆగస్టు 15 నుంచి పౌర విమానయాన డైరెక్టరేట్ నియమాలు ఉన్నాయి. ఆలస్యానికి భోజనం, ఆరు గంటలు దాటితే వేరే విమానం లేదా పూర్తి డబ్బు వాపసు అంటాయే గాని, ఆలస్యానికని నగదు ఇప్పించవు. ఐరోపాలోనైతే 2004 నాటి 261వ నిబంధన, దానిపై 2009 నవంబరు 19న వచ్చిన తీర్పు కలిసి, మూడు గంటలు దాటిన ఆలస్యానికి దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు ఇప్పిస్తూ వచ్చాయి. అసాధారణ పరిస్థితులకు అక్కడా మినహాయింపు ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానమెక్కి ఇంటికి వచ్చే మన తెలుగువారికీ అది వర్తిస్తుంది. చాలామంది అడగరు, అంతే.

అడగదలచినవారు బోర్డింగ్ పాసు దాచుకోండి. ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా అడగండి. బయట తిన్న ఇడ్లీ బిల్లు కూడా పారేయకండి. మంచు అని వారన్నప్పుడు, ఆ గంటలో మిగిలిన విమానాలు ఎగిరాయో లేదో రాసిపెట్టుకోండి. రుజువు చేసుకోవలసిన భారం సంస్థదేనని 1929లోనే రాశారు. మన చేతిలో కాగితముంటేనే ఆ భారం వారికి బరువనిపిస్తుంది.