తయారీ ఆగిన తరువాత: టూస్ట్రోక్ పందెపు ఏటీవీల చరిత్రలో మార్పు, మరమ్మతు

వ్యాస సంగ్రహం

జపాన్ సంస్థలు 1980లలో అమెరికా విపణి కోసం తయారుచేసిన టూస్ట్రోక్ పందెపు ఏటీవీల ఉత్పత్తి కాలం చాలా స్వల్పం. హోండా టీఆర్ఎక్స్ 250ఆర్ 1986 నుంచి 1989 వరకు, అంటే నాలుగు నమూనా సంవత్సరాలు మాత్రమే తయారైంది. అయినా అది 1990ల పొడవునా మోటోక్రాస్ పందేల్లో ముందువరుసలో నిలిచింది. తయారీదారు విడిచిపెట్టిన యంత్రం ఇంతకాలం ఎలా నిలిచిందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంజను నిర్మాణ స్వభావం, 1988 నాటి రాజీ డిక్రీ, వర్క్‌షాపుల్లో రూపుదిద్దుకున్న మార్పు-మరమ్మతుల పద్ధతులు అనే మూడు కోణాల నుంచి సమాధానం వెదుకుతుంది.

కీలక పదాలు: ఏటీవీ, టూస్ట్రోక్ ఇంజను, మోటోక్రాస్, మరమ్మతు, రాజీ డిక్రీ, సాంకేతిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్ర రచనలో ఆవిష్కర్తకు దక్కిన స్థానం మెకానిక్కుకు దక్కలేదు. ఒక యంత్రం ఎప్పుడు పుట్టింది, ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు దాని తయారీ ఆగిపోయింది అనే ప్రశ్నలతోనే చాలా గ్రంథాలు ముగుస్తాయి. చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వెలువరించిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్' ఈ ధోరణిని ప్రశ్నించింది. యంత్రాలు వాడుకలో ఉన్న కాలాన్నీ, వాటి నిర్వహణనూ చరిత్రలో భాగంగా చూడాలని ఆయన వాదించాడు. ఆ దృష్టికి టూస్ట్రోక్ పందెపు ఏటీవీ చక్కని ఉదాహరణ. దాని తయారీ చరిత్రను ఒక పేజీలో చెప్పవచ్చు. వాడుక చరిత్రకు అంతకంటే ఎక్కువ చోటు కావాలి.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ స్థితి కొత్తది కాదు. తాళపత్ర గ్రంథం రచయితతో పుట్టినా, నిలిచేది లేఖకుల వల్ల. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు తిరిగి రాయకపోతే అది చెదపురుగుల పాలవుతుంది. తిరిగి రాసినప్పుడల్లా పాఠాంతరాలు చేరతాయి. పందెపు ఏటీవీ కూడా అలాగే బ్రతికింది.

2. ఇంజను పూర్వరంగం

టూస్ట్రోక్ ఇంజనుకు డ్యూగాల్డ్ క్లర్క్ 1881లో పొందిన పేటెంటు ఒక మైలురాయి. ప్రత్యేకమైన పంపు లేకుండా క్రాంక్‌కేసునే పంపుగా వాడుకునే పద్ధతిని ఇంగ్లండులోని బాత్ నగరానికి చెందిన జోసెఫ్ డే 1891లో పేటెంటు చేశాడు. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు క్రాంక్‌కేసు లోనికి మిశ్రమాన్ని పీల్చుకుంటుంది. కిందికి దిగేటప్పుడు ఆ మిశ్రమం సిలిండర్ గోడలోని రంధ్రాల గుండా పైకి ప్రవేశించి, కాలిన వాయువును బయటకు నెడుతుంది. ఫోర్‌స్ట్రోక్ ఇంజనులోలాగా కామ్ షాఫ్టు, తలుపుల వంటి వాల్వులు అవసరం లేదు. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి శక్తి పుడుతుంది.

ఈ సరళతకు మూల్యం ఉంది. క్రాంక్‌కేసు గాలికి దారి కాబట్టి అందులో ఆయిలును నిల్వ ఉంచడం కుదరదు. ఆయిలు పెట్రోలుతో కలిసే రావాలి, దానితోపాటే కాలిపోవాలి. పైగా లోనికి వచ్చే మిశ్రమంలో కొంత భాగం కాలకుండానే ఎగ్జాస్టు రంధ్రం గుండా జారిపోతుంది.

ఆ జారిపోయే మిశ్రమాన్ని వెనక్కు రప్పించే ఉపాయాన్ని పరిపక్వదశకు చేర్చినవాడు తూర్పు జర్మనీలోని ఎంజెడ్ సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఎగ్జాస్టు గొట్టాన్ని మొదట క్రమంగా వెడల్పు చేసి, తరువాత ఇరుకు చేస్తే, పీడన తరంగాలు రెండు పనులు చేస్తాయి. వెడల్పయ్యే భాగం నుంచి తిరిగివచ్చే తరంగం సిలిండరును ఖాళీ చేయడానికి తోడ్పడుతుంది. ఇరుకయ్యే భాగం నుంచి వచ్చే తరంగం జారిపోయిన మిశ్రమాన్ని తిరిగి లోనికి తోస్తుంది. కాడెన్ దగ్గర పందెగాడుగా ఉన్న ఎర్న్‌స్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ పందెం సందర్భంగా దేశం విడిచి, సుజుకీ సంస్థలో చేరాడు. మరుసటి ఏడాదే 50 సీసీ తరగతిలో సుజుకీకి ప్రపంచ విజేత స్థానం తెచ్చిపెట్టాడు. జపాన్ టూస్ట్రోక్ విజ్ఞానానికి ఇది ఒక ముఖ్యమైన మలుపు.

3. మూడు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు

ఏటీవీ పుట్టుక పందెం కోసం కాదు. శీతకాలంలో మోటారుసైకిళ్ల అమ్మకాలు పడిపోతుంటే, మంచు మీదా బురద మీదా తిరిగే బండి కావాలని అమెరికాలోని హోండా విక్రయ విభాగం కోరింది. ఒసాము తకెయూచీ రూపకల్పనలో 1970లో యూఎస్ 90 అనే మూడు చక్రాల బండి వచ్చింది. తరువాత అది ఏటీసీ 90గా పేరు మార్చుకుంది. దాని ఫోర్‌స్ట్రోక్ ఇంజను చిన్నది. అందులో సస్పెన్షన్ లేదు. తక్కువ గాలి నింపిన లావుపాటి టైర్లే కుదుపులను ఓర్చుకోవాలి.

వాడుకదారులు దానితో పందేలు మొదలుపెట్టాక తయారీదారు వారిని అనుసరించాడు. 1981లో టూస్ట్రోక్ ఇంజనుతో, ముందూ వెనకా సస్పెన్షన్‌తో ఏటీసీ 250ఆర్ వచ్చింది. 1985లో అది నీటితో చల్లబడే ఇంజనుకు మారింది. అదే సంవత్సరం సుజుకీ నాలుగు చక్రాల ఎల్‌టీ 250ఆర్‌ను, మరుసటి ఏడాది హోండా టీఆర్ఎక్స్ 250ఆర్‌ను విడుదల చేశాయి. 1987లో యమహా బాన్షీ, కవాసాకీ టెకాటే-4, సుజుకీ ఎల్‌టీ 500ఆర్ రంగప్రవేశం చేశాయి. మూడేళ్లలోనే ఒక కొత్త పందెపు తరగతి సిద్ధమైంది.

4. 1988 రాజీ డిక్రీ

ఈ ఉత్సాహం వెనుక ప్రాణనష్టం ఉంది. మూడు చక్రాల బండి మలుపులో సులభంగా బోల్తాపడేది. గాయపడినవారిలో, మరణించినవారిలో పిల్లలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం పక్షాన న్యాయశాఖ 1987 డిసెంబరులో దావా వేసింది. హోండా, యమహా, సుజుకీ, కవాసాకీ, పొలారిస్ సంస్థలతో కుదిరిన రాజీ డిక్రీని న్యాయస్థానం 1988 ఏప్రిల్‌లో ఆమోదించింది. దాని ప్రకారం కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగిపోయింది. కొన్నవారికి శిక్షణ ఇవ్వాలి. పదహారేళ్లలోపు పిల్లల కోసం పెద్ద ఇంజను బండ్లను అమ్మరాదు. డిక్రీ గడువు పదేళ్లు. మూడు చక్రాల బండ్లపై నిషేధం 2008లో చట్టరూపం దాల్చింది.

నాలుగు చక్రాల పందెపు బండ్లను డిక్రీ నిషేధించలేదు. అయినా వాటి శ్రేణులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1988తో టెకాటే-4, 1989తో టీఆర్ఎక్స్ 250ఆర్, 1990తో ఎల్‌టీ 500ఆర్, 1992తో ఎల్‌టీ 250ఆర్ ముగిశాయి. ఆపై ఈ నాలుగు జపాన్ సంస్థల టూస్ట్రోక్ వేగపు బండ్లలో మిగిలినవి యమహా బాన్షీ, దానికంటే చిన్నదైన బ్లాస్టర్ మాత్రమే. పందేలు మాత్రం ఆగలేదు. పోటీదారుల చేతిలో ఉన్నవి పాత బండ్లే. వాటిని నిలుపుకోవడం తప్ప వారికి మార్గం లేదు.

5. మార్పు: పాఠాంతరాల తరం

పందెపు బండిలో మార్పు రెండు దిక్కుల్లో సాగింది. మొదటిది చట్రం. మోటోక్రాస్ బాటలో ఎత్తైన దిబ్బల మీదుగా ఎగిరి దిగాలి, బిగువైన మలుపులు తిరగాలి. అందుకని ముందు చక్రాలను మోసే ఏ-ఆర్మ్‌లను పొడిగించి, వెనుక ఇరుసును వెడల్పు చేసి, బండిని నేలకు దగ్గర చేశారు. నిబంధనలు అనుమతించే వెడల్పు యాభై అంగుళాలు. బోల్తా భయాన్ని తగ్గించడానికి ముందు 20 అంగుళాలు, వెనుక 18 అంగుళాల ఎత్తున్న పొట్టి టైర్లు వాడుకలోకి వచ్చాయి. పక్క బండి చక్రాలు చిక్కుకోకుండా ముందు, వెనుక చక్రాల మధ్య గొట్టపు కడ్డీలు అమర్చారు. పందెగాడు పడిపోతే ఇంజను ఆగిపోయేలా అతని మణికట్టుకు తాడుతో కట్టిన స్విచ్చు తప్పనిసరైంది. హోండా చట్రాలు పగుళ్లిస్తే వెల్డింగ్ చేసి బలపరిచేవారు. క్రమంగా లేగర్ వంటి వర్క్‌షాపులు మెరుగైన ఉక్కు గొట్టాలతో పూర్తి చట్రాలనే తయారుచేశాయి.

రెండవది ఇంజను. ఇక్కడ ఒక భాగాన్ని ముట్టుకుంటే మిగతావన్నీ కదులుతాయి. ఎగ్జాస్టు రంధ్రాన్ని కొద్దిగా పైకి అరగదీస్తే శక్తి ఎక్కువ వేగాల వైపు జరుగుతుంది. అప్పుడు పాత గొట్టం నుంచి వచ్చే తరంగం సరైన క్షణానికి చేరదు. గొట్టం మార్చాలి. గొట్టం మారితే కార్బురేటర్ జెట్లు మార్చాలి. సిలిండర్ హెడ్ లోపలి ఆకృతిని మార్చి కంప్రెషన్ పెంచితే మెరుగైన పెట్రోలు కావాలి.

మోటారుసైకిలు పరిజ్ఞానాన్ని యథాతథంగా ఇక్కడ వాడడం కుదరలేదు. నాటి 250 సీసీ పందెపు మోటారుసైకిలు బరువు సుమారు 100 కిలోలు. టీఆర్ఎక్స్ 250ఆర్ దాదాపు 150 కిలోలు. పైవేగాల్లో మాత్రమే శక్తినిచ్చే ఇంజను అంత బరువునూ, వెడల్పాటి వెనుక టైర్లనూ మలుపు నుంచి లాగలేదు. మధ్యవేగాల్లో బలం కావాలి. హోండా తన పందెపు మోటారుసైకిళ్లలో ఎగ్జాస్టు రంధ్రం ఎత్తును వేగానికి తగినట్టు మార్చే పవర్ వాల్వు అమర్చినా, టీఆర్ఎక్స్ 250ఆర్‌కు దాన్ని ఇవ్వలేదు. ఆ లోటును పూరించడానికి వర్క్‌షాపులు పెద్ద బోరు సిలిండర్లను, పవర్ వాల్వున్న సిలిండర్లను సమకూర్చాయి. తయారీదారు ఆపిన చోట మెకానిక్కులు రూపకర్తలయ్యారు.

6. మరమ్మతు: నిలబెట్టిన శ్రమ

మార్పు పేరు తెస్తుంది. బండిని పందెం చివరిదాకా తీసుకెళ్లేది నిర్వహణ. ఆయిలు కలపడమే దానికి మొదటి మెట్టు. 32 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు అనేది బాగా వాడుకలో ఉన్న నిష్పత్తి. అంటే లీటరుకు సుమారు 31 మిల్లీలీటర్లు. ఆయిలు పెంచితే రక్షణ పెరుగుతుందని కొత్తవారు అనుకుంటారు. కాని జెట్టు మార్చకుండా ఆయిలు పెంచితే, అదే రంధ్రం గుండా వచ్చే పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది. పలచబడిన మిశ్రమం ఇంజనును అతిగా వేడెక్కిస్తుంది. చల్లని ఉదయం గాలి సాంద్రత పెరిగినా ఇదే జరుగుతుంది. అందుకే ఏ బాటలో, ఏ వాతావరణంలో ఏ జెట్టు సరిపోయిందో రాసిపెట్టుకునే పుస్తకం పనిముట్ల పెట్టెలో ఉండాలి. చరిత్రకారుడికి ఇటువంటి పుస్తకాలు ప్రాథమిక ఆధారాలు.

క్రాంకు సీళ్లు అరిగి గాలి లోనికి చొరబడినా పిస్టన్ పట్టేస్తుంది. దీన్ని ముందే పసిగట్టడానికి ఇంజను ద్వారాలన్నీ మూసి, చదరపు అంగుళానికి సుమారు ఆరు పౌన్ల పీడనం ఎక్కించి, అది నిలుస్తుందో లేదో చూస్తారు. పిస్టన్, రింగులు ఈ ఇంజనులో త్వరగా అరిగే వస్తువులు. పందెపు వాడుకలో వాటిని క్రమం తప్పక విప్పి చూడాలి.

ఈ బండ్ల దీర్ఘాయువుకు ఒక భౌతిక కారణం ఇక్కడే ఉంది. టీఆర్ఎక్స్ 250ఆర్, బాన్షీ సిలిండర్ల లోపల ఇనుప తొడుగు ఉంటుంది. అరిగినప్పుడు లేత్ పనివారి దగ్గర బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేయవచ్చు. అనేక పర్యాయాలు బోరు కొట్టించాక కూడా తొడుగునే మార్చుకోవచ్చు. సంస్థ నుంచి విడిభాగాలు అందకపోయినా ఒక సాధారణ యంత్రశాల దాన్ని మళ్లీ బ్రతికించగలదు. 1986 నాటి బండి అని చెప్పే యంత్రంలో చట్రం, సిలిండరు, గొట్టం, సస్పెన్షన్ అన్నీ తరువాతివై ఉండవచ్చు. పాఠాంతరాలు చేరిన ప్రతిలాగే, దానికి ఒకే రచనా కాలం నిర్ణయించలేము.

7. నిష్క్రమణ, తెలుగునాట జాడలు

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో వినోద వాహనాలకు ఉద్గార ప్రమాణాలు ప్రకటించింది. 2006 నమూనాల నుంచి అవి దశలవారీగా అమలయ్యాయి. కాలని పెట్రోలును, ఆయిలును వదిలే ఇంజనుకు వాటిని అందుకోవడం కష్టం. బాన్షీ, బ్లాస్టర్ ఆ ఏడాదితోనే అమెరికా విపణి నుంచి తప్పుకున్నాయి. అంతకుముందే, 2004లో, యమహా వైఎఫ్‌జెడ్ 450, హోండా టీఆర్ఎక్స్ 450ఆర్ అనే ఫోర్‌స్ట్రోక్ బండ్లు పందేల్లోకి వచ్చాయి. పదిహేనేళ్ల తరువాత పోటీదారుడు దుకాణంలో పందెపు హోండా కొనగలిగాడు. నిష్క్రమణకు కారణమైన పొగ నిజమైనదే. ఆ విషయాన్ని జ్ఞాపకాల మాధుర్యంలో దాచడం చరిత్ర కాదు.

ఈ కథకు మన దగ్గర ఒక బంధువు ఉంది. ఎస్కార్ట్స్ సంస్థ 1983 నుంచి తయారుచేసిన రాజ్‌దూత్ 350, యమహా ఆర్‌డీ 350 వంశానికి చెందినది. ఆ వంశంలోనే నీటితో చల్లబడే రూపాల మీదుగా బాన్షీ ఇంజను వచ్చింది. 64 మిల్లీమీటర్ల బోరు, 54 మిల్లీమీటర్ల స్ట్రోకు, రెండు సిలిండర్లు, 347 సీసీ. ఈ కొలతలు రెండింటికీ ఒకటే. 1985 నుంచి 1996 వరకు తయారైన ఆర్‌ఎక్స్ 100 నేటికీ తెలుగు పట్టణాల్లో తిరుగుతోందంటే, కారణం పైన చెప్పుకున్నదే: బోరు కొట్టే లేత్ పనివారు, సైలెన్సరులోని మసిని తీసే మెకానిక్కులు. బంకులో 2టీ ఆయిలు పోయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. టూస్ట్రోక్ పందెపు ఏటీవీల ఉత్పత్తి కాలానికీ వాడుక కాలానికీ పొంతన లేదు. ఉత్పత్తి తేదీలతో వాటి చరిత్రను ముగించడం సరికాదు.

2. 1988 డిక్రీ తరువాత సంస్థలు విడిచిన పాత్రను చిన్న వర్క్‌షాపులు స్వీకరించాయి. రూపకల్పన, మరమ్మతు అనే విభజన అక్కడ చెరిగిపోయింది.

3. విప్పి బోరు కొట్టించగల నిర్మాణమే ఈ యంత్రాలకు ఆయుష్షు ఇచ్చింది.

4. ఈ విజ్ఞానంలో ఎక్కువ భాగం చేతుల్లోనూ చెవుల్లోనూ ఉంది. ఇంజను ధ్వనిని బట్టి మిశ్రమాన్ని అంచనావేసే మెకానిక్కు చెప్పే మాటలను, వాడే పదాలను సేకరించడం పరిశోధకుల బాధ్యత.

సీ.పీ. బ్రౌన్ పండితుల సాయంతో ప్రతులు సేకరించి పోల్చి చూడకపోతే ఎన్నో తెలుగు కావ్యాల పాఠాలు మనకు ఈ రూపంలో అందేవి కావు. మన వీధి చివరి మెకానిక్ షెడ్డులోని మాటల పుస్తకానికి ఇంతవరకు అటువంటి సేకర్త దొరకలేదు. టూస్ట్రోక్ బండ్లను విప్పిన చేతులు వృద్ధాప్యంలోకి జారుతున్నాయి గనుక, ఆ పనికి మిగిలిన వ్యవధి తక్కువ.