దొరకడం వేరు, కనుక్కోవడం వేరు

లంకెబిందెల కథ లేని ఊరు తెలుగునాట ఉంటుందని నేననుకోను. మాది మాడుగులపల్లి. నల్గొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016లో జిల్లాలు, మండలాలు మళ్ళీ విడగొట్టినప్పుడు మండల కేంద్రమైంది. మా దిక్కున ఏ పాతగుడి పేరెత్తినా, ఏ గుట్ట పేరెత్తినా వెనకాలే ఒక కథ వస్తుంది. ఫలానా ఆయన నాగలికర్రుకి బిందె తగిలిందట, అందుకే రాత్రికి రాత్రి మేడ కట్టాడట! సరే, ఆ బిందె ఎక్కడ తగిలింది, అందులో ఏముంది, ఎవరి కాలం నాటిది అని అడిగి చూడండి. ఎవరూ చెప్పరు. కథ మొత్తంలో "దొరికింది" అన్న ఒక్క మాటే గట్టిగా వినపడుతుంది.

ఇంతకీ దొరికింది అంటే ఏమిటి? చెయ్యి తగిలితే చాలా? ఈ ప్రశ్నని ఎవరో పురావస్తు పండితులు మాత్రమే పట్టించుకుంటారనుకుంటాం గానీ, దీని మీద పెద్ద పెద్ద వాదనలు చేసుకునేది ఒక ఆట ఆడేవాళ్ళు. ఆ ఆట పేరు జియోకాషింగ్. ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో కొందరు ఆడే ఉంటారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో: ఒకడు ఒక డబ్బాని ఎక్కడో దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతాడు. మిగతావాళ్ళు జీపీఎస్ పట్టుకుని వెతుక్కుంటూ పోతారు. డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది, దాన్నే లాగ్‌బుక్ అంటారు. (క్యాష్ అంటే ఇక్కడ నగదు కాదు, మన ప్రాసెసర్లలో ఉండే క్యాష్ లాంటిది. అందుకే డబ్బా అనే అంటాను, గొడవ లేకుండా :))

దీని పూర్వీకుడు ఇంగ్లండులో ఉన్నాడు. డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో జేమ్స్ పెరట్ అనే గైడు 1854లో క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక సీసా పెట్టాడు. అంతదూరం నడిచి వచ్చినవాళ్ళు తమ పేరున్న కార్డు అందులో వేసి పోయేవాళ్ళు. ఇప్పటి రూపం మాత్రం 2000 మే నెలలో మొదలైంది. మే 1న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఒక ప్రకటన చేశాడు. పౌరుల జీపీఎస్‌లో అప్పటిదాకా కావాలని కలుపుతూ వచ్చిన తప్పుని ఆ అర్ధరాత్రి నుంచి తీసేస్తున్నామని. వంద మీటర్ల దాకా ఉండే తేడా ఒక్కసారిగా ఇరవై మీటర్లకి పడిపోయింది. రెండు రోజులు తిరక్కుండానే, మే 3న, డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంటు ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్టు పెట్టి, ఆ చోటు ఎక్కడో ప్రకటించాడు. మైక్ టీగ్ అనే ఆయన దాన్ని మొదట కనుక్కున్నాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైనే.

ఇక మర్యాదల సంగతి. డబ్బాలో వస్తువు తీసుకుంటే దానికి సమానమైనదో, ఇంకా మంచిదో పెట్టాలి. చూశాక ఎక్కడ ఎలా ఉందో అక్కడ అలాగే పెట్టాలి. స్థలం యజమాని అనుమతి ఉండాలి. తవ్వి పాతిపెట్టకూడదు (తమాషా ఏమిటంటే అల్మర్ గారి మొదటి బకెట్టు సగం పాతిపెట్టిందే!). అన్నిటికన్నా ముఖ్యం, లాగ్‌బుక్కులో సంతకం ఉంటేనే దొరికినట్టు. దూరం నుంచి చూశాను, చెట్టు ఎక్కలేకపోయాను అంటే లెక్కలోకి రాదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని "దొరికింది" అని నమోదు చేసుకునేవాళ్ళని కుర్చీ వీరులని వెక్కిరిస్తారు. డబ్బా కనపడకపోతే తనే ఇంకో డబ్బా అక్కడ పడేసి సంతకం పెట్టేవాడిని అంతకన్నా ఎక్కువగా తిడతారు.

పిల్లల ఆటకి ఇన్ని రూల్సా అనిపించొచ్చు. కానీ ఆ రూల్స్ వెనకున్న ఆలోచన చూడండి. ఆ వస్తువు నీది కాదు. నీకు ముందొకరు ఉన్నారు, నీ తర్వాత ఇంకొకరు వస్తారు. నువ్వు వచ్చినట్టు ఆనవాలు రాసిపెట్టి, తర్వాతివాడికి దారి చెడగొట్టకుండా పోవాలి. ఈ కొలబద్దతో మన తెలుగునేల మీద జరిగిన నిజమైన "దొరకడాల్ని" కొలిస్తే ఏమవుతుందో చూద్దాం.

మొదటిది నెల్లూరు, 1786. ఒక రైతు రాళ్ళగుట్ట పక్కన దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డం పడింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక చిన్న కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు. అచ్చంగా మన లంకెబిందె కథే! ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. కర్ణాటక నవాబు కుటుంబానికి చెందిన అమీరుల్ ఉమరా ముప్ఫైకి పైగా తిరిగి సంపాదించాడు. అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఈ సంగతంతా ఒక ఉత్తరంలో రాసి ఏషియాటిక్ సొసైటీకి పంపాడు కాబట్టి మనకి ఈ మాత్రం తెలుసు. రోమ్‌తో మన తీరానికి ఉన్న వ్యాపారానికి అదొక సాక్ష్యం. కానీ ఉత్తరంలో చోటు గురించి ఉన్నది "నెల్లూరు దగ్గర" అని మాత్రమే. ఆ గుడి ఏ కాలానిది, కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయి, పక్కన ఇంకేమున్నాయి, ఏదీ లేదు. రైతుని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయనకి బంగారం అంటే బంగారమే. కానీ చరిత్రకి సంబంధించినంతవరకు అది సగమే దొరికింది.

రెండోది అమరావతి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తూ దీపాలదిన్నె అనే మట్టిదిబ్బని ఇటుకల కోసం, రాళ్ళ కోసం తవ్వించాడు. బయటపడింది మహాస్తూపం. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. ఆయన 1816లో తిరిగి వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు కోసం గొయ్యి తవ్వేసి ఉంది! అప్పుడాయన తన చిత్రకారులతో మిగిలిన శిల్పాలన్నిటికీ కొలతలతో సహా బొమ్మలు గీయించాడు. తర్వాత 1845లో వాల్టర్ ఎలియట్, 1877లో రాబర్ట్ సూవెల్ తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు దిబ్బని పూర్తిగా శుభ్రం చెయ్యమని ఆర్డరు వేశాడు. 1881 చివర్లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ స్తూపం లేదు, పెద్ద గుంట ఉంది. శిల్పాలు కొన్ని మద్రాసుకి, కొన్ని లండన్‌కి పోయాయి. ఇవాళ ఆ స్తూపం ఎలా ఉండేదో ఊహించాలంటే అందరూ మెకంజీ బొమ్మల దగ్గరికే పోవాలి. అందులో ఉన్న కొన్ని రాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేవు. అంటే డబ్బా పోయింది, లాగ్‌బుక్కు మిగిలింది. అది కూడా లేకపోతే మనకి మిగిలేది ఆ గుంట ఒక్కటే.

మూడోది మా ఇంటి పక్కదే, నాగార్జునకొండ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు కృష్ణ ఒడ్డున లోయలో ఒక పాత స్తంభం చూశాడు. ఆయన దాన్ని తవ్వలేదు, పెకిలించలేదు, ఇంటికి తెచ్చుకోలేదు. మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. శాసనాల విభాగంలో తెలుగు అసిస్టెంటుగా ఉన్న ఎ. రంగస్వామి సరస్వతి వచ్చి చూశారు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి బయటపడింది. జియోకాషింగ్ భాషలో అయితే మొదట కనుక్కున్నవాడికి ఎఫ్‌టీఎఫ్ అని ఒక గౌరవం ఉంటుంది. నా దృష్టిలో ఆ గౌరవం పార పట్టుకున్న లాంగ్‌హర్స్ట్‌ది కాదు, ఏమీ ముట్టుకోకుండా కబురు పంపిన ఆ పంతులుగారిది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశాడు. ఆ లోయ మొత్తం మునిగిపోతుంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గడువు పెట్టుకుని తవ్వారు. వందకు పైగా చోట్లు తవ్వి, కొలిచి, రాసుకుని, కొన్ని కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీద, అనుపు దగ్గర తిరిగి నిలబెట్టారు. మిగతావి నీళ్ళ కిందికి పోయాయి. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ చుట్టుపక్కల పండే వరికి మూలం అదే. నేను తిన్న అన్నానికి ఒక నగరం మునిగింది అన్నది కవిత్వం కాదు, ఇరిగేషన్ లెక్క. అందుకే ఆ ఆరేళ్ళలో రాసుకున్న నోట్సులంటే నాకు గౌరవం. మళ్ళీ వెళ్ళి చూసి సరిచేసుకునే వీలు లేదు. బ్యాకప్ లేని సర్వరు ఆపేసే ముందు తీసిన ఆఖరి డంప్ అది.

మరి చట్టం ఏమంటుంది? 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ యాక్టు చదివితే నాకు ఆశ్చర్యమేసింది. పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా మూడు సంగతులు తెలపాలి: ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది. అంటే లాగ్ ఎంట్రీ అన్నమాట! ఎవరూ హక్కుదారులు రాకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, ముప్పావు వంతు దొరికినవాడికి, పావు వంతు నేల యజమానికి. చెప్పకుండా దాస్తే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. ప్రభుత్వం తనే తీసుకోదలిస్తే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి ఇస్తుంది. చట్టం లాగ్ దగ్గర కరెక్టుగానే ఉంది. ఖరీదు కట్టేది మాత్రం తూకం రాయితో.

ఆ తూకం ఎంత తప్పో ఫణిగిరి చెబుతుంది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉన్న ఈ బౌద్ధ క్షేత్రంలో 1940ల్లో నిజాం ప్రభుత్వం కాలంలోనే తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్ళి ప్రదర్శనలో నిలబడ్డాయి. 2024 మార్చి 29న హెరిటేజ్ శాఖ వాళ్ళకి రెండడుగుల లోతులో ఒక కుండ కనిపించింది. మూతి మీద ఇంకో పాత్ర బోర్లించి ఉంది. లోపల 3,730 సీసపు నాణేలు. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. సగటు బరువు 2.3 గ్రాములు. క్రీ.శ. 3-4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలం నాటివని అంచనా.

ఇప్పుడు లెక్క వేద్దాం. 3,730 ఇంటూ 2.3 అంటే ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు సీసం. కిలో రెండొందలు వేసుకున్నా 1,700 రూపాయలు. చట్టం ప్రకారం ఐదో వంతు కలిపితే రెండు వేల చిల్లర. ఇదే కుండ రాత్రిపూట గడ్డపారలతో వచ్చిన ముఠాకి దొరికి ఉంటే? బంగారం కాదని తెలిసి అక్కడే పగలగొట్టి పారబోసేవాళ్ళు, లేదా పాత ఇనపసామాన్ల కొట్టుకి పోయేది. ఆ నాణేలకి విలువ వచ్చింది లోహం వల్ల కాదు. ఏ విహారం పక్కన, ఎంత లోతులో, ఏ పాత్ర కింద ఉన్నాయో ఎవరో టేపు పట్టి కొలిచి రాసుకోవడం వల్ల. అన్నీ వదులుకున్న భిక్షువుల చోట ఇంత చిల్లర ఎందుకుంది అన్న ప్రశ్న అడగగలుగుతున్నాం అంటే అది ఆ కొలతల పుణ్యమే.

మనవాళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు. "చెప్తే ఏమొస్తుంది? పొలం లాక్కుంటారు, స్టేషను చుట్టూ తిప్పుతారు" అని. ఆ భయం ఉత్తదేం కాదు. రక్షిత కట్టడం అని కేంద్రం ప్రకటిస్తే చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, ఇంకో రెండొందల మీటర్లు అనుమతి మీదే. పల్లెలో ఎకరం ఉన్నవాడికి అది పెద్ద మాటే. జియోకాషింగ్‌లో డబ్బా దొరికినవాడికి చప్పట్లైనా దొరుకుతాయి, నిజాయితీగా కబురు చెప్పిన రైతుకి దొరికేది తరచుగా తలనొప్పి. ఫలానా రైతు వల్ల ఇది మనకి తెలిసింది అని మ్యూజియంలో వస్తువు పక్కన పేరు రాసిపెట్టినా సగం పని అవుతుందని నా అభిప్రాయం. పంతులుగారి పేరు మనకి మిగిలింది కాబట్టే ఇప్పుడు నేను రాయగలిగాను. నెల్లూరు రైతు పేరు ఎవరూ రాయలేదు.

తెలుగులో మంచి సౌకర్యం ఉంది. దొరకడం అదృష్టం, దానికి మన ప్రమేయం అక్కర్లేదు. కనుక్కోవడం పని. పైగా కనుక్కోవడం అంటే అడిగి తెలుసుకోవడం అని కూడా అర్థం. ఎవరిది, ఎప్పటిది, పక్కన ఏముంది అని అడిగినవాడే కనుక్కున్నవాడు. గుప్తనిధుల ముఠాలకి దొరకొచ్చు గానీ, వాళ్ళు జన్మలో ఏదీ కనుక్కోలేరు.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు బావిగట్టు మీద బట్టలుతికే బండకి అడుగున అక్షరాలు కనిపిస్తే, పొలంగట్టున చెక్కిన రాయి కనిపిస్తే, కడగకండి, సున్నం పూయకండి, కదపకండి. ఫోనులో లొకేషను ఆన్ చేసి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తియ్యండి, పక్కన ఒక స్కేలో పెన్నో పెట్టి. అది ఎప్పటి నుంచి అక్కడుందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాసుకోండి. హెరిటేజ్ శాఖకో, కలెక్టరాఫీసుకో కాయితం పెట్టి, దాని కాపీ ఒకటి దగ్గరుంచుకోండి. వెంకటరామయ్య గారు జీపీఎస్ లేకుండానే ఇంత పని చేశారు. మన జేబులో ఉపగ్రహాలే ఉన్నాయి. ఏమంటారు?