రాయవేలూరు కోటలో భరణాల అధికారి

రాయవేలూరు కోట అనగానే మన పెద్దలు ఆరవీటి వేంకటపతిరాయలను తలచుకొంటారు. అది న్యాయమే. ఈ ఉగాది సంచికలో మాత్రం ఆ కోటలోనే, రెండు వందల యేండ్ల తరువాత, సైనికుడై ఉండి కూడా కత్తికన్న లెక్కల పుస్తకంతోనే ఎక్కువ పనిపడిన ఒక కుంఫిణీ ఉద్యోగిని గూర్చి చెప్పదలచాను. ఆయన లెఫ్టినెంట్ కర్నల్ థామస్ మారియట్.

1799 మే 4న శ్రీరంగపట్టణం కూలి టిప్పు సుల్తాను మరణించాడు. ఆయన కుమారులను, అంతఃపుర స్త్రీలను, పరివారాన్ని వేలూరు కోటకు తరలించారు. మైసూరు రాజ్యాన్ని పంచుకొన్న ఒడంబడికలో హైదరు, టిప్పు కుటుంబాల పోషణకు ఏడాదికి రెండు లక్షల స్టార్ వరహాలు కేటాయించారు. ఆ రోజుల్లో అది ఒక చిన్న సంస్థానపు ఆదాయం. కాని దాని వెంట ఒక షరతు కూడ వ్రాసికొన్నారు: ఆ కుటుంబంలో ఎవరైనా కుంఫిణీకిగాని, దాని మిత్రులకుగాని శత్రుత్వం తలపెట్టితే ఆ భరణాన్ని తగ్గించవచ్చు, పూర్తిగా నిలిపివేయనూవచ్చు. సరిగ్గా రెండు వందల యేండ్లకు, 1999లో, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1267వ తీర్మానంతో తాలిబన్ల నిధులను స్తంభింపజేసింది. ఉగ్రవాదానికి ధనసహాయాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం కూడ ఆ యేడే వచ్చింది. మన దేశంలో అనుమానాస్పదమైన డబ్బు కదలికలను గమనించే ఆర్థిక నిఘా విభాగం 2004లో ఏర్పడింది. పేర్లు క్రొత్తవి, ఉపాయం పాతదే.

ఆ పాత ఉపాయానికి వేలూరులో కాపలాదారు మారియట్. రాకుమారుల భరణాలు ఆయన చేతిమీదుగా అందేవి, వారి యోగక్షేమాలూ ఆయన బాధ్యతే. అన్నం పెట్టే చేయీ, కనిపెట్టి చూచే కన్నూ ఒకే మనిషివి కావడం ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. పైగా వేలూరు, గుడియాత్తం పరగణాలు ఆర్కాటు నవాబు చేతినుండి కుంఫిణీ పాలనలోకి వచ్చింది 1801లోనే. ఎవరు ఎవరి మనిషో తేల్చుకోవడం సులభమైన కాలం కాదు.

చివరికి నిప్పు రాజుకొన్నది భరణపు డబ్బువల్ల కాదు, తలపాగావల్ల. 1805 నవంబరులో వచ్చిన ఉత్తరువులు సిపాయిలను బొట్టు, విభూతి పెట్టవద్దన్నాయి, గడ్డాలు తీయమన్నాయి, తోలు కుచ్చు ఉన్న క్రొత్త టోపీ లాంటి తలపాగా ధరించమన్నాయి. ముస్తఫా బేగ్ అనే సిపాయి ముందుగానే హెచ్చరించాడు, అధికారులు నమ్మలేదు. 1806 జూలై 10 తెల్లవారకముందే తిరుగుబాటు చెలరేగింది. కోట అధిపతి కర్నల్ ఫాన్‌కోర్ట్, ఇంకా వందమందికి పైగా తెల్లవారు హతులైనారు. కోటపై మైసూరు జెండా ఎగిరింది. టిప్పు పెద్ద కుమారుడు ఫతే హైదరు రాజని చాటారు. కాని సిపాయిలలో చాలామంది దోపిడీలో పడి కట్టు తప్పారు. ఆర్కాటునుండి గిలెస్పీ అశ్వికదళంతో దూసుకువచ్చాడు. ఆ పగలే వందలాది సిపాయిలను చంపివేశారు.

అప్పుడు ఆగ్రహంతో ఉన్న సైనికులు రాకుమారుల మహలులోకి చొరబడబోయారు. వద్దని గిలెస్పీకి చెప్పి ఆపించినవారిలో మారియట్ ముఖ్యుడు. అనుమానంతో కనిపెట్టవలసిన మనుష్యులకు అడ్డుగా నిలిచినందుకు నాకాయనపై గౌరవం కలుగుతుంది. ఆయన మెతకదనమే కొంప ముంచిందనే వారూ ఉంటారు. నేను ఒప్పుకోను. లెక్కల పుస్తకంలో వరహాలు కనబడతాయిగాని, అవమానపడ్డ సిపాయి మనస్సు కనబడదు. ఆ రెండవది చూడవలసినవారు సేనాపతి క్రడాక్, గవర్నర్ బెంటింక్. 1807లో వారిద్దరినీ వెనుకకు పిలిపించారు కూడ.

ఆ సిపాయిలను నేటి ఉగ్రవాదులతో జతకట్టడం నా ఉద్దేశం కాదు. 2006లో భారత తపాలాశాఖ వారి స్మృతికి స్టాంపు వేసింది. ఉత్తరాదిలో కుంఫిణీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. తొలినాటి సిపాయిలలో మన తెలుగువారు అంతమంది ఉండేవారు మరి.

విచారణ సంఘం దుస్తుల ఉత్తరువులనూ, టిప్పు కుటుంబం వేలూరులో ఉండడాన్నీ కారణాలుగా చూపింది. రాకుమారులను కలకత్తాకు పంపించారు. ఒడంబడికలో షరతు ఉన్నా భరణం పూర్తిగా ఆగలేదు. క్రొత్త ఊరిలో తరాలపాటు అందుతూనే వచ్చింది. కడగొట్టు కుమారుడు గులాం మహమ్మదు 1842లో కలకత్తా ధరమ్‌తలాలో తండ్రి పేర కట్టించిన మసీదు నేటికీ ఉన్నది. వేలూరులో మిగిలిన వారి సమాధులు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. గుడియాత్తం నుండి కోట చూడవచ్చే మనవాళ్ళు అటు కూడ ఒకసారి వెళ్ళి రావచ్చు.