గాదె - పిడికెడు : ఇందల్వాయి ప్రాంతమున గృహధాన్యసంచయము, క్రైస్తవసంఘములు

ఇంట ఏడాదికి సరిపడు గింజలను నిలువ చేసికొనుడని సంఘసభ్యులను ప్రోత్సహించు ఆచారము కొన్ని క్రైస్తవసంఘములలో గలదు. అమెరికా దేశమున మార్మనులుగా ప్రసిద్ధులైనవారు 1936లో సంఘక్షేమపథకమును నెలకొల్పుకొని, గృహమున ఆహారసంచయ మావశ్యకమని నేటికిని బోధించుచున్నారు. హైదరాబాదునందును వారి సంఘము గలదు. 2012లో అది పూర్ణస్థాయి మండలముగా ఏర్పడినది. ఈ బోధ వినుటకు మిక్కిలి సులభమైనది. వివేకవంతుడైన గృహస్థుడు దీనిని కాదనడు. కాని తెలుగుదేశపు పల్లెలలోని క్రైస్తవుల చరిత్రను పరిశీలించినచో మన కొక ప్రశ్న ఎదురగును. నిలువ చేయుటకు గింజ ఎవరి ఇంట మిగిలినది? ఈ ప్రశ్నను నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి పరిసరములను ఆధారముగా గొని విచారింపదలచితిమి.

ఇందల్వాయి డిచ్‌పల్లికి దక్షిణముగా జాతీయ రహదారి మీదనున్న గ్రామము. సికింద్రాబాదు నుండి మన్మాడునకు పోవు రైలుమార్గమున దానికొక స్టేషను గలదు. 2016లో అది మండలకేంద్రమైనది. పడమట బోధను వైపు మంజీరానది నీటితో చెరకును వరియును పండు నేలలుండగా, ఇందల్వాయి వైపు చెరువులను, వానను నమ్ముకొన్న పల్లెలును అడవిచెంత గ్రామములును హెచ్చు. కనుక నిలువయొక్క విలువ ఈ ప్రాంతపువారికి ఒకరు చెప్పి తెలియవలసినది కాదు.

ధాన్యము నిలువచేయు పాత్రలకు తెలుగున గల పేర్లే ఇందుకు సాక్ష్యము. గాదె, గరిసె, గుమ్మి, పాతర, కాగు మున్నగునవి ఒక్కదానికొకటి పర్యాయపదములు కావు. వెదురుబద్దలతోగాని సన్నని పుల్లలతోగాని అల్లి, పేడయు మన్నును మెత్తి ఆరబెట్టినది గుమ్మి. నేలను త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, గింజ పోసి, పైన మన్ను కప్పినది పాతర. జొన్నలకు పాతర తగినది. గాలి చొరనందున లోపలి ప్రాణవాయువు కొలదిదినములలో తరిగిపోయి పురుగు చచ్చును. ఆ కారణముననే పాతరను తెరచిన వెంటనే లోనికి దిగుట ప్రాణాపాయకరము. కొంతతడవు గాలి తగులనిచ్చిన పిమ్మటగాని దిగరాదు. కందులకు ఎఱ్ఱమన్ను పట్టించుటయు, గింజలలో వేపాకును బూడిదను కలుపుటయు, పంటికింద పెట్టి కటుక్కుమనినగాని ఎండినదని ఒప్పుకొనకపోవుటయు ఇల్లాండ్ర విద్యలు. ఈ విద్యలో మన పల్లెలు ఏ దేశమునకును తీసిపోవు.

అయితే గుమ్మి ఉన్న ఇల్లు వేరు, గుమ్మిని నింపిన చేయి వేరు. ఈ ప్రాంతమున క్రైస్తవమతమును స్వీకరించినవారిలో పెక్కండ్రు మాల, మాదిగ వాడలవారు. వారికి ధాన్యము కూలిగానో, ఏడాది జీతముగానో, కళ్ళములో దక్కు మేరగానో లభించెడిది. కోతల కాలమున చేతికి వచ్చిన గింజ వానకాలపు మొదటికే నిండుకొనుట పరిపాటి. అప్పుడు దొర గడీ వద్దనో, షావుకారు వద్దనో ధాన్యమును అప్పు తెచ్చుకొనవలసినదే. తెలంగాణమున దీనికి నాగు అని పేరు. పుచ్చుకొన్న గింజకు సగము అదనముగా కలిపి కోతలనాడు కొలిచి ఇచ్చుట పలుచోట్ల ఆచారముగా నుండెను. అనగా కూలివాని శ్రమతో నిండిన గాదెయే అతని ఆకలినాడు అతనికి అప్పు పెట్టుచుండెను. ఇక వెట్టి సంగతి చెప్పనక్కరలేదు. నిలువ అను పదము ఒకరికి భద్రతయు, మరియొకరికి ఋణమును అయినది.

1876-78 నాటి మహాక్షామమును, 1899-1900 నాటి కరవును దక్కను ప్రజలు చవిచూచిరి. 1918లో వానలు తప్పిననాడే విషజ్వరమును వ్యాపించెను. గాదెగలవారు ఈ కాలములను ఈదగలిగిరి. లేనివారు ఊరు విడిచిరి, లేదా ప్రాణము విడిచిరి. తెలంగాణమున వెస్లియను మిషను పని ఈ నేపథ్యముననే విస్తరించెను. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవునాళ్ళలో పనిచేసినవారికి తిండి పెట్టి దానిని కట్టించిరని ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. నిజామాబాదున ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్‌ను కుష్ఠరోగులకు చికిత్స ఆరంభించిరి. రాజా నర్సాగౌడ్ దాతృత్వము తోడై 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠరోగుల ఆసుపత్రి వెలసెను. ఇందల్వాయికి ఇరుగుననున్న ఈ సంస్థలో మందుతోపాటు మంచి తిండియు, చేతనైన పనియు చికిత్సలో భాగములుగా నెంచబడినవి. ఆకలిని మాన్పక రోగమును మాన్పుట సాధ్యముకాదని అది ఆచరణలో చూపినది.

ఇట్టి సంఘములలో నిలువ ఏ రూపము దాల్చినదో చూతము. అది గాదె కాదు, పిడికెడు. వంటకు బియ్యము కడుగుటకు ముందు ఇల్లాలు అందులోనుండి ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. వారాంతమున దానిని గుడికి కొనిపోయి ఇచ్చును. తెలుగు ప్రొటెస్టెంటు సంఘములలో ఈ పిడికెడు బియ్యపు ఆచారము ప్రసిద్ధము. 1912లో దోర్నకల్లు మేత్రాసనమునకు అధ్యక్షుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య రొక్కములేని పల్లెవాసులును వస్తురూపమున కానుక లియ్యవచ్చునని పట్టుదలతో బోధించెను. కోతపండుగనాడు ధాన్యమును, కోళ్ళను, కూరగాయలను తెచ్చి ఒప్పగించుట ఆ మేత్రాసనమున గొప్ప వేడుక. మిజోరము కొండలలో ప్రెస్బిటేరియను సంఘస్త్రీలు 1910లో ఇట్టి ఆచారమునే ఆరంభించి, దానితో సంఘకార్యములను పోషించుట లోకవిదితము.

పిడికెడు బియ్యమును కొంత లెక్కించి చూచినచో దాని బలము తెలియును. పిడికెడు 50 గ్రాము లనుకొందము. దినమునకొక పిడికెడు చొప్పున ఒక ఇంట ఏడాదికి 18 కిలోలు పోగగును. నూరిండ్ల వాడలో అది 18 క్వింటాళ్ళు. ఏ ఒక్క ఇల్లును గుమ్మి కట్టుకొనలేని వాడ నూరు కుండలతో ఒక గాదెను నింపగలదన్నమాట. ఇచట గమనింపదగిన విశేష మొకటి గలదు. ధనికుని గాదె మిగిలినదానితో నిండును. ఈ కుండ మిగులకముందే నిండును. వండుకొనుటకు తీసిన గింజనుండియే అది పుట్టుచున్నది గనుక, దీనిని పొదుపనుటకంటె పంపక మనుట యుక్తము.

అయినను ఈ ఆచారమునకుగల పరిమితిని దాచుట చరిత్రకారునకు తగదు. పిడికెటి బియ్యములో హెచ్చుభాగము బోధకుని జీతమునకును గుడి ఖర్చులకును పోయెడిది. కరవుదినమున దానిని ఇచ్చినవారికే మరల కొలిచి ఇచ్చు ఏర్పాటు దాని ముఖ్యోద్దేశము కాదు. వాడను నాగునుండి విడిపించు శక్తి ఆ కుండకు కలదు, కాని ఆ పనికి దానిని వినియోగించుట అరుదు.

ఈ విషయమున బైబిలు గ్రంథము చెప్పునది ఒక్కటే మాట కాదు. ఐగుప్తున యోసేపు ఏడు సమృద్ధి సంవత్సరములలో పంటలో అయిదవ వంతు కూర్పించి క్షామమును గడిపించెను. ఇది నిలువకు ప్రమాణము. కాని అరణ్యమున మన్నాను మరునాటికి దాచుకొన్నవారికి అది పురుగుపట్టినది. కొట్లను విప్పి పెద్దవి కట్టింపదలచిన ధనవంతుడు అవివేకి అనిపించుకొనెను. యోసేపు కథలోనే మరియొక మలుపు గలదు. ఆ కొట్లనుండి గింజలు కొనుటకు ప్రజలు మొదట రొక్కమును, పిదప పశువులను, తుదకు తమ పొలములను ఒప్పగించిరి. నాగు తెలిసిన ఇందల్వాయి కూలివానికి ఈ ఘట్టమునకు వ్యాఖ్యానమక్కరలేదు.

ఇక ప్రభుత్వము కలుగజేసికొన్న విధమును పరిశీలింతము. 1931 నాటికి నిజాంసాగరు పూర్తియైనది. నవాబ్ అలీ నవాజ్ జంగు దాని నిర్మాత. 1930ల చివర బోధనున నిజాం చక్కెర కర్మాగారము ఏర్పడెను. చెరకు ఇంట నిలువచేయదగిన పంట కాదు. కొట్టిన పిదప జాగుచేసినకొలది అందలి చక్కెర తగ్గిపోవును. గింజ పండించువాడు అమ్మకమును వాయిదా వేయగలడు, చెరకు పండించువాడు వేయలేడు. ఆ విధముగా పడమటి నేలలలో భద్రత గాదెనుండి కర్మాగారపు చెల్లింపులోనికి మారినది. 2015లో ఆ కర్మాగారము మూతపడినప్పుడు ఆ మార్పు ఎంత పెళుసైనదో తేటపడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు ప్రభుత్వము లెవీ పేర గల్లాను వసూలు చేసినది. పెద్ద భూస్వాములు తప్పించుకొనగా చిన్నరైతుల గింజలు పోయినవి. తెలంగాణ రైతాంగపోరాటమునకు ఈ లెవీయు ఒక కారణము. ఇంట దాచినది తనదగునా అను ప్రశ్న అప్పుడు రైతునకును కలిగినది.

స్వాతంత్ర్యానంతరము 1960లలో కేంద్రప్రభుత్వము ధాన్యరక్షణోద్యమము పేర ఇనుపగాదెలను ప్రచారము చేసినది. 1983లో ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చుటతో పేదఇంటికి చౌకధరల దుకాణమే గాదెయైనది. ఇది గొప్ప మేలు. కాని దానివెంట జొన్నయు, పాతరయు, వాటిని ఎరిగిన ఇల్లాండ్ర విద్యయు వెనుకబడినవి.

వాడలు తమ గాదెను తామే నిలుపుకొనగలవా? పూర్వపు మెదకు జిల్లాలోని జహీరాబాదు ప్రాంతమున దీనికొక సమాధానము లభించినది. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళాసంఘములు, ముఖ్యముగా దళితస్త్రీలు, 1990ల నడుమ బీడునేలలను సాగులోనికి తెచ్చి, పండిన జొన్నలను ఊరిలోనే బూడిద, వేపాకులతో నిలువచేసి, ఆకలికాలమున పేదయిండ్లకు తక్కువ ధరకు ఇచ్చిరి. ఎవరు ఎక్కువ పేదలో గ్రామస్థులే కూర్చుండి నిర్ణయించిరి. ఇల్లాలి పాతవిద్యయు, పిడికెటి సమష్టిభావమును ఇచట ఒక్కచో కలిసినవి.

ఇంతవరకు చేసిన పరిశీలనమువలన మాకు తోచినది ఇది. గృహమున ఆహారమును నిలువచేసికొనుడను ఉపదేశము మంచిదే. కాని అది మిగులు గలవారి భాష. మిగులు లేనివారి వాడలో అదే ఉపదేశము రెండు షరతులతో గాని ఫలింపదు. మొదటిది, గింజపై పండించినవానికి హక్కుండవలెను. రెండవది, నిలువ ఒక ఇంటిది గాక పలు ఇండ్లదై, ఇచ్చినవారికే ఆకలినాడు మరల చేరవలెను. ఇందల్వాయి వైపు పల్లెలలో పిడికెడు బియ్యపు కుండను, గుమ్మిని అల్లిన చేతిని, నాగు అప్పును ఎరిగిన వృద్ధస్త్రీలు ఇంకను కొందరు కలరు. గుడి లెక్కలలో ఆ బియ్యము ఎంతయో వ్రాసియుండును గాని, ఆ పిడికెడు తీసిననాడు ఇంట ఎవరు తక్కువ తినిరో వ్రాసియుండదు. దానిని వారి నోటనే వినవలెను. పరిశోధకవిద్యార్థులు ఆ పనికి జాగుసేయరాదని మా మనవి.